దయ్యములపై అధికారము: నల్లగొండ పాలమూరు సీమల క్రైస్తవచరిత్రలో నొక ఘట్టము

దయ్యమను మాటకు మనభాషలో విచిత్రమైన చరిత్ర కలదు. అది సంస్కృత దైవశబ్దమునకు తద్భవము. ప్రాచీనకావ్యములలో దయ్యమనగా దేవుడనియే యర్థము. విధి యనియు నర్థము. కాలక్రమమున దైవము గుడిలో నిలిచెను, దయ్యము చింతచెట్టెక్కెను. ఒక్కకడుపున బుట్టిన రెండుమాటలలో నొకటి యేల పూజ్యమయ్యెనో, రెండవది యేల భయంకరమయ్యెనో భాషాశాస్త్రజ్ఞులు చెప్పవలసిన విషయము. బైబిలును తెలుగుచేసిన పండితులు మాత్ర మీ పతితశబ్దమునే గైకొని, యేసు మనుష్యులలోనుండి వెడలగొట్టినవాటికి దయ్యములని పేరుపెట్టిరి. అపవిత్రాత్మ, దురాత్మ యను సమాసములనుగూడ వారు వాడిరి గాని, పల్లెలలో జనుల నాలుకపై నిలిచినది దయ్యమే.

ఈ యొక్కమాటవలన నెంతటి పొరపాటు కలిగినదో చూడుడు. పాదిరి మనస్సులో దయ్యమనగా దేవునిపై తిరుగబడి పతనమైన దూత. క్రింద గూర్చుండి వినుచున్న పల్లెవాని మనస్సులో దయ్యమనగా మొన్న పురిటిలో మరణించిన పొరుగింటి కోడలు. బావిలోబడి చచ్చిన పడుచువాడు. ఆయువు తీరకమునుపే పోయి, తీరనికోరికతో నూరిచుట్టు తిరుగుచున్న మనవారే. మొదటిది వేదాంతవిషయము, రెండవది బంధుత్వవిషయము. ఇద్దరు నొకేమాట పలికిరి, ఇద్దరు నొకదానినొకటి పోలని రెండులోకములను జూచిరి. యేసునామమునకు దయ్యములు లోబడునను వాక్యమును నల్లగొండ, పాలమూరు మండలముల పేదక్రైస్తవు లే యర్థమున గ్రహించిరి? దానిచేత వారి బ్రదుకులలో నేమి మారినది? ఈ ప్రశ్నలకు మిషను నివేదికలలో సరియైన సమాధానము దొరకదు. ఊరి కట్టుబాట్ల చరిత్రను గలిపి చదివినచో గొంత దొరకును.

ఈ రెండుమండలములును మెట్టసీమలు. రాళ్లగుట్టలు, ఎఱ్ఱచెల్కలు, జొన్న, ఆముదము, వానకై నోరుతెఱచికొనియుండు చెఱువులు. దక్షిణమున నల్లమల, దానినంటి కృష్ణ. వాన తప్పినయేడు కఱవు, కఱవువెంట రోగము. ఇట్టి నేలపై గ్రామదేవతలు దట్టముగా వెలసియుండుట సహజమే. చెఱువుకట్టపై మైసమ్మ, వేపచెట్టు క్రింద పోచమ్మ, గౌడుల యిలవేలుపుగా నెల్లమ్మ, ఊరినడుమ బొడ్రాయి. మశూచి యమ్మవారి యాటయే గాని రోగమని యెవ్వరు నెన్నలేదు. బిడ్డ యొడలిపై పొక్కులు లేచినచో తల్లి పోసినదనిరి, వేపమండలు గట్టిరి. పాలమూరు జిల్లావాడే యగు సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రలో నిట్టి కొలుపులు, జాతరలు, శక్తిపూజలు కాకతీయులనాటినుండియు నెట్లు నడచినవో కావ్యములనుండి యేఱి చూపియున్నారు. రాజులు మాఱినను, మతములు మాఱినను, ఊరి బొడ్రాయి కదలలేదు.

ఊరికి జాడ్యము వచ్చినపుడు జరుగు కార్యక్రమమును జదువరులు కొంత శ్రద్ధతో గమనింపవలెను. ఏలయన మనకథ కంతయు నదియే కీలకము. మొదట నెఱుక చెప్పించెదరు, లేక శిగమూగువారి నడిగెదరు. ఏ తల్లికి గోపము వచ్చినదో, ఏమి కోరుచున్నదో తెలియును. దున్నపోతు కావలెననినచో నూరిపెద్దలు గడపగడపకు చందా కట్టెదరు. అటుపిమ్మట పనులు కులములవారీగా బంచబడును. కుమ్మరి కుండ తేవలెను, చాకలి దివిటీ పట్టవలెను, బైండ్లవాడు జమిడిక వాయించుచు దేవి కథ పాడవలెను. మాదిగవాడు డప్పు గొట్టవలెను. దున్నను నఱకువాడును సాధారణముగా నతడే. అర్ధరాత్రమున రక్తము గలిపిన యన్నమును గంపకెత్తి పొలిమేర పొడుగున పొలి చల్లవలసినది నతని కులమువాడే. పొరుగూరివారు తమ పొలిమేరలో గాచియుందురు, ఈ యూరి యమ్మవారిని తమయూరికి దోలిపోదురేమో యని. పొలిగంప నెత్తినదాల్చినవాని వెనుక దేవత నడచివచ్చునని నమ్మకము. వెనుదిరిగి చూచినవాడు చచ్చునని నమ్మకము.

భయ మూరందఱిది, ప్రమాదము మాత్ర మొక్కవాడది. దేవత కడకు పోవలసినవాడు, నెత్తురు ముట్టవలసినవాడు, చీకటిలో నడవవలసినవాడు వాడలోని మాదిగ. చచ్చిన పశువును మోసికొనిపోవుట, దొరయింటికి వెట్టి చేయుట, చావుకబురు మోయుట, ఇవి యెట్లో, దయ్యముల బరువు మోయుటయు నట్లే యతని జన్మహక్కుగా నిర్ణయింపబడినది. ఆ హక్కును విడిచిన యెడల దొర శిక్షించును. దొర మఱచినను దేవత మఱవదు. కొరడా పట్టినచేయి యొకటి కనబడునది, యొకటి కనబడనిది.

అయినను న్యాయముగా నింకొకమాట చెప్పవలెను. ఆ కొలుపులలో మాదిగ కవమానమే తప్ప గౌరవము లేదనుట సరికాదు. మాతంగి యను మాదిగస్త్రీ పూనకమున నగ్రకులములవారిపై నుమియుచు, తిట్టుచు దిరుగగా వారు దానిని బ్రసాదముగా గ్రహించిన యాచారమును ఎమ్మా రాషెన్‌బుష్ క్లఫ్ దొరసాని 1899లో మాదిగలనుగూర్చి యచ్చువేసిన గ్రంథమునందును, ఎల్మోరు పాదిరి 1915లో ద్రావిడదేవతలనుగూర్చి వెలువరించిన గ్రంథమునందును వర్ణించియున్నారు. ఏడాదిలో నొక్కనాడు తల క్రిందైన లోకము. మఱునాడు సూర్యోదయమునకు తిరిగి యథాస్థానము. ఆ యొక్కదినపు రాచఱికమును గూడ క్రైస్తవుడైనవాడు వదలుకొనవలసివచ్చెను. మిషనరీలు దీనిని నష్టముగా లెక్కింపలేదు. వాడలోని ముసలివారు లెక్కించియుందురని నా యూహ.

ఇక మిషనులు వచ్చిన తెఱగు. నెల్లూరు, ఒంగోలులలో వేళ్లూనిన అమెరికను బాప్టిస్టు తెలుగుమిషను 1885లో పాలమూరునందును, 1890లో నల్లగొండయందును తన స్థానముల నేర్పఱచుకొనెను. పాలమూరునకు మహబూబునగరమను పేరు ఆఱవ నిజాముపేర వచ్చినదియు నా 1890లోనే. నల్లగొండకు వచ్చిన ఏబ్రహాము ఫ్రీసెను దొర అమెరికావాడు కాడు, ఆంగ్లేయుడు కాడు. దక్షిణరష్యాలోని, నేటి యుక్రెయినులోని, మెన్నొనైటు వలసగ్రామములవాడు. ఆయుధము పట్టరాదని వ్రతముగలిగి, జర్మనుభాష మాటలాడుచు, గోదుమలు పండించుకొను కర్షకులు వారు. 1899లో అమెరికను మెన్నొనైటు బ్రదర్నువారును వచ్చిరి. నాగరకర్నూలున బెర్గ్‌తోల్డు, దేవరకొండలో వోతు మొదలగువారు నిలిచిరి. 1937లో పాలమూరు క్షేత్రమును బాప్టిస్టులనుండి వీరు తీసికొనిరి. కాతరీనా షెల్లెన్‌బర్గు అను వైద్యురాలు 1907లో వచ్చి, 1945లో మరణించువఱకు నీ సీమలోనే వైద్యము చేసినది. ఆమె సేవను గూర్చి వేఱొక వ్యాసము వ్రాయదగును.

ఈ మిషనరీలకు దయ్యములనుగూర్చి గల యభిప్రాయము విచిత్రమైనది. బైబిలులో నున్నవి గాన కాదనలేరు. పాలమూరులో నున్నవనిన నమ్మలేరు. ఇందుకు కారణ మైరోపా చరిత్రలో నున్నది. పదునేడవ శతాబ్దమువఱకు నచ్చటను సాతానుభయము జనులను వణికించెను. 1692లో అమెరికాలోని సేలమను పల్లెలో కొందఱు బాలికలు మూర్ఛిల్లి, తమను బాధించుచున్నది ఫలానివారని పేర్లుచెప్పగా, న్యాయాధిపతులు నమ్మి 19 మందిని నురిదీసిరి. పిమ్మట సిగ్గుపడిరి. ఆ సిగ్గునుండియు, ప్రకృతిశాస్త్రములనుండియు బుట్టిన వివేకమే మిషనరీల విద్య. జ్వరమునకు క్రిమి కారణము, క్రిమికి మందు కలదు, తక్కినది మూఢవిశ్వాసము. జర్మనీలోని మోట్లింగెను పల్లెలో బ్లూమ్‌హార్టు అను కాపరి యొక యువతినుండి దురాత్మను వెడలగొట్టుటకై 1842, 43 సంవత్సరములలో రెండేండ్లు ప్రార్థించి విజయము బొందెనని ప్రసిద్ధి గలదు గాని, అట్టివారు మిక్కిలి యరుదు. మన సీమకు వచ్చినవారు బడి కట్టిరి, ఆసుపత్రి కట్టిరి, దేవాలయము కట్టిరి. మంత్రగానిని జూచి నవ్విరి.

క్రొత్తగా విశ్వసించిన మాదిగలు నవ్వలేదు. దయ్యములు లేవని వారెన్నడు ననుకొనలేదు. ఉన్నవి, కాని వానికంటె బలవంతుడు మా పక్షమున నున్నాడని నమ్మిరి. ఈ రెండింటికిని దూర మధికము. లేదనువానికి ధైర్యము చదువువలన వచ్చును. ఉన్నను లోబడదనువానికి ధైర్యము మఱియొక చోటినుండి రావలెను.

ఆ ధైర్యము మొట్టమొదట నెట్లు బయటపడినదో ఒంగోలు కథ చెప్పుచున్నది. పాలమూరు, నల్లగొండ క్రైస్తవసంఘములకు మాతృస్థానము వంటిది గాన దాని నిచ్చట దలచుట యప్రస్తుతము కాదు. 1866లో క్లఫ్ దొర ఒంగోలు చేరెను. మఱుసటి జనవరిలో ఎఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగపెద్ద యూరగు తాళ్లకొండపాడులో 28 మందికి బాప్తిస్మ మిచ్చెను. అతడు వారికి విధించిన నియమములు మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువును తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. చూచుటకు మతనియమములు, ఊరిలో నవి మూడును మూడు సమ్మెలు. ఆదివారము రానన్న వెట్టి యాగెను, కళేబరము ముట్టనన్న పశువు కుళ్లెను, మ్రొక్కనన్న డప్పు మూగవోయెను. కరణములు, రెడ్లు కూడి కట్టడి చేసిరి. చాకలి వీరి బట్ట లుతుకడు, కుమ్మరి కుండ యమ్మడు, పశువులకు బీట లేదు, చెప్పులు కుట్టు పని లేదు, కోతకాలమున గింజ లేదు.

సువార్తలలోను, అపొస్తలుల కార్యములలోను నిట్టి ఘట్టములు రెండున్నవి. వానిని పండితులు చదివినట్లు గాక వాడలోనివారు చదివినట్లు చదువవలెను. గదరేనుల సీమలో సమాధులలో దిరుగు పిచ్చివానిని యేసు బాగుచేసినపుడు దయ్యములు పందులలో జొచ్చి, పందులమంద సరస్సున బడి చచ్చెను. ఊరివారు వచ్చి స్వస్థుడై కూర్చున్నవానిని జూచిరి, సంతోషింపలేదు. మా ప్రాంతము విడిచిపొమ్మని యేసును వేడుకొనిరి. ఫిలిప్పీ పట్టణమున సోదె చెప్పు దాసిపిల్లలోనుండి పౌలు దయ్యమును వెడలగొట్టినపుడు ఆమె యజమానులు తమ లాభము పోయెనని యతనిని బట్టి కొట్టించి చెఱసాల వేయించిరి. దయ్యము వదలినచోట నెవరిదో సొమ్ము నష్టమగుచున్నది. ఎవరిదో చాకిరి యాగుచున్నది. అందుచేతనే దయ్యము వదలుట యందఱికి నిష్టము కాదు. తెలుగు మాదిగకు దయ్యములపై నధికారమనగా మొదట రోగి తలపై చేయివేయుట కాదు, డప్పు క్రిందబెట్టుట. పొలిగంప నెత్తనని చెప్పుట. ఎత్తకపోయినను చావలేదని తెల్లవాఱి యూరికి జూపుట.

హైదరాబాదు సంస్కర్త లీ మర్మమును గ్రహింపకపోలేదు. 1906లో జగన్మిత్రమండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మగారు క్రైస్తవులు కారు. అయినను ఆదిహిందువులలో జంతుబలిని, బాలికలను దేవతకు విడుచు దురాచారమును మాన్ప బూనుట వారి సంస్కరణములలో నొకటి. దేవతాభయమును తొలగింపక దాస్యమును తొలగింపలేమను నెఱుక రెండుమార్గములవారికిని కలిగినది.

ఇంతవఱకు జయగాథ. ఇక దానికంటె కష్టమైన కథ చెప్పవలెను.

పాల్ హీబెర్టు అను నతడు మిషనరీ దంపతులకు 1932లో శంషాబాదులో జన్మించెను. బాల్యమున పాలమూరు సీమను జూచినవాడు, తెలుగు వచ్చినవాడు. అమెరికాలో చదివి, 1960 తరువాత కొన్నియేండ్లు తిరిగివచ్చి శంషాబాదు బైబిలు పాఠశాలలో బనిచేసెను. పిమ్మట మానవశాస్త్రజ్ఞుడై, పాలమూరు జిల్లాలోని కొండూరను గ్రామము కట్టుబాట్లను పరిశీలించి 1971లో నొక గ్రంథము వెలువరించెను. 2007లో మరణించెను. అతడు శంషాబాదులో నుండగా తనకు జరిగిన యొకసంగతిని తన రచనలలో దాపఱికము లేక చెప్పుకొనెను. దాని సారాంశమును నా మాటలలో వ్రాయుచున్నాను.

ముచ్చింతల యను పల్లెనుండి యొకనాడు ముసలి సంఘపెద్ద యొకడు నడచివచ్చి వాకిట నిలిచెను. ఊరిలో మశూచి వచ్చినది. నాటువైద్యులు, పట్టణవైద్యులు చేతులెత్తిరి. ఎఱుక చెప్పించగా మైసమ్మకు గోపము వచ్చినదనియు, దున్నపోతు కోరుచున్నదనియు దేలెను. పెద్దలు చందాలు దండిరి. క్రైస్తవులు మే మీయమనిరి. అందఱు నీయనిదే బలి సఫలము కాదు. ఒక్కగడప తప్పినను తల్లి శాంతింపదు. కావున నూరివారు కట్టడి చేసిరి: వీరు బావిలో నీరు తోడరాదు, అంగడిలో సరకు కొనరాదు. దినములు గడచినకొలది విశ్వాసులలో గొందఱు సడలిరి. ఒక్క చిన్న నాణెము పాఱవేసినచో నేమి? బలిని మనము మ్రొక్కుచుంటిమా? ముసలిపెద్ద యొప్పుకొనలేదు. అంతలో నొక క్రైస్తవబాలికకు మశూచి సోకెను. ఊరంతయు నా గుడిసెవంక జూచుచున్నది. మీరు వచ్చి ప్రార్థింపవలెనని పెద్ద యడిగెను.

హీబెర్టు మోకరించి ప్రార్థించెను. మనస్సు మాత్రము కలతచెందినది. ప్రార్థనను బాల్యమునుండి నేర్చినవాడు, వేదాంతము చదివినవాడు, స్వస్థతనుగూర్చి ప్రసంగములు చేసినవాడు. మశూచి యనగా క్రిమివలన వచ్చు వ్యాధి యని శాస్త్రము చదివినవాడు గూడ. ఈ ప్రార్థన బిడ్డ నిమిత్తమో, మైసమ్మతో బందెము నిమిత్తమో యతనికే తెలియలేదు. అతని చదువులో నీ ప్రశ్నకు పాఠము లేదు.

వారము గడచినపిమ్మట ముసలిపెద్ద తిరిగివచ్చి, బాలిక మరణించినదని చెప్పెను. హీబెర్టు సిగ్గుతో గ్రుంగిపోయెను. బిడ్డను బ్రదికింపలేని తాను మిషనరీ యెట్లగుదును? ఇక నా క్రైస్తవులగతి యేమి? ముసలివాడు మాత్రము క్రుంగలేదు. దేవుడు బిడ్డను బాగుచేసినయెడల నాయన బలము నూరివా రొప్పుకొనియుందురు. కాని యెన్నడో యొకనాడు చావక తప్పదని వారికిని దెలియును. పూడ్చునపుడు మేము తిరిగి కలిసికొందుమన్న నిరీక్షణతో నిలుచుట జూచి, యిది చావుపైనే గెలుపని యనుకొని, మీ మార్గమేమని యిపు డడుగుచున్నారు, అని యాతని మాటల తాత్పర్యము.

ఈ కథను జదివినపుడెల్ల నాకు రెండు భావములు కలుగును. మొదటిది కోపము. జెన్నరు టీకాలను కనుగొన్నది 1796లో. భారతదేశమున జాతీయ మశూచినిర్మూలన కార్యక్రమ మారంభమైనది 1962లో. దేశమున చివరి మశూచి 1975లో. లోకమునుండి తొలగినట్లు ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించినది 1980లో. టీకాచుక్క యా గుడిసెకు సకాలమున జేరియుండినచో బందెమే యుండదు. దున్నపోతునకు చందా దండిన గ్రామము టీకాకును గడపగడపకు మనుష్యుని బంపగలదు. రెండవభావము, ఆ ముసలివానిపై గౌరవము. అతనికి మైసమ్మ భయము లేకపోవుట వింతకాదు; పరాజయభయము గూడ లేదు. బిడ్డ చచ్చినది గదా, మీ దేవుడేడీ యని యూరు నవ్వుననియు నతడు వెఱవలేదు. చందా యిచ్చియుండినచో నెవరు నేమియు ననరు. బిడ్డ బ్రదికినచో జయము సులభము. రెండును లేనిచోట నతడు నిలిచెను.

ఇట్టి యనుభవములు మనస్సున నుండియే హీబెర్టు 1982లో నొక వ్యాసము వ్రాసెను. విడువబడిన మధ్యస్థానమని దాని పేరునకు తెలుగు చెప్పవచ్చును. క్రైస్తవమిషనుల లోకములోన నది మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. అందలి వాద మిది: పాశ్చాత్యుల మనస్సున రెండంతస్తులే యున్నవి. మీద దేవుడు, మోక్షము, పరలోకము. క్రింద ప్రకృతి, క్రిమి, ఔషధము. మన పల్లెలలో నడుమ నింకొక యంతస్తున్నది: గ్రామదేవత, దయ్యము, దిష్టి, చేతబడి, మంచిదినము, చెడుశకునము. మనుష్యుని రాత్రింబవళ్ల ప్రశ్న లాయంతస్తులోనివే. రోగ మెట్లు వచ్చినదో క్రింది యంతస్తు చెప్పును. ఆ రోగము నా బిడ్డకే యేల, ఈ యేడే యేల వచ్చినదో చెప్పదు. మిషనరీ మీదిదానికి దేవాలయమును, క్రిందిదానికి ఆసుపత్రిని గట్టి, నడుమదానికి తలుపు మూసెను.

తలుపు మూసిన యింటిలో నెవరును లేరని యర్థము కాదు. పగలు దేవాలయమునకు వచ్చిన క్రైస్తవుడు రాత్రి మంత్రగాని గడప త్రొక్కెను. దర్గాకు బోయి తాయెత్తు గట్టించుకొనెను. బైబిలును తలక్రింద బెట్టికొని నిద్రించెను. పొరుగున మెదకు ప్రాంతమునందు లూకు, కార్మను అనువారు పల్లెక్రైస్తవులను బరిశీలించి 1968లో బ్రకటించిన గ్రంథమును జదివినవారి కీసంగతి స్పష్టముగా దెలియును. బాప్తిస్మము పొందిన కుటుంబములలో పోచమ్మభయము, దయ్యములభయము తరతరములుగా నిలిచియే యున్నవి. దీనిని కపటమనుట యన్యాయము. అడిగిన ప్రశ్నకు బదులు చెప్పువాని కడకు మనుష్యుడు పోవును.

క్రమముగా నా మూసినతలుపును వేఱువారు తెఱచిరి. 1950లో హైదరాబాదున హెబ్రోను సంఘమును నెలకొల్పిన భక్తసింగుగారివంటి స్వదేశబోధకుల కూటములు, పెంతెకొస్తు సంఘములు, ఊరూరను స్వతంత్రముగా లేచిన ప్రార్థనమందిరములు రోగిని బయట నిలుపలేదు. శుక్రవారపు టుపవాసప్రార్థనలో దయ్యముపట్టినదను స్త్రీని ముందఱ గూర్చుండబెట్టిరి. అందఱెదుట నామె పేరుబెట్టి ప్రార్థించిరి. ఇంటిలో నెవ్వరు నడుగని కష్టము నడిగిరి. ఇంతవఱకు నాకు సమ్మతమే. ఎడతెగని చాకిరితో, సంతులేదను నిందతో, త్రాగుబోతుపెనిమిటితో విసిగిన స్త్రీ పూనకమునందు దప్ప నోరు విప్పలేని యిండ్లున్నవి. ఆమె మాట వినుటకు పదిమంది కూర్చుండుటయే సగము మందు.

అయితే కూటములలో నొక యాచారము ప్రవేశించినది. దానిని నిర్మొగమాటముగా ఖండింపవలసియున్నది. పట్టినదానిని బోధకుడు ప్రశ్నించును: నీవెవరవు? ఎవరు నిన్ను పంపిరి? రోగిష్ఠి నోట నొకపేరు వెడలును. అత్తపేరో, తోడికోడలిపేరో, వీథి చివర నొంటిగా నుండు విధవపేరో. సేలము బాలికల నోట వెడలినవియు నిట్టి పేర్లే. చేతబడి, బాణామతి యను మాటలు మన తెలంగాణపు పల్లెలలో నెంత రక్తమును ద్రాగినవో వృత్తాంతపత్రికలు చదువువారికి జెప్పనక్కఱలేదు. మంత్రము స్పష్టముగా పలుకరాకుండ బండ్లు రాలగొట్టుట యను క్రూరశిక్ష మనసీమలోనిదే. యేసు గదరేనుల పిచ్చివానిలోని దయ్యమును నీ పేరేమని యడిగెనే గాని, నిన్నెవరు పంపిరని యడుగలేదు. సువార్తలు నాలుగింటిలో నెచ్చటను, దయ్యముపట్టినవాని నిమిత్తము పొరుగువాడు దోషియైన దాఖలా లేదు. ఇది చిన్నభేదము కాదు. పేరడుగుట రోగికొఱకు, పంపినవాని నడుగుట పగకొఱకు.

మందు మాన్పించుటయు నట్టిదే. మార్కు సువార్తలో నిప్పులోను నీళ్లలోను బడుచున్న పిల్లవాని తండ్రి యున్నాడు. లక్షణములను జూచిన నేటివైద్యుడు మూర్ఛరోగ మనును. శిష్యు లాపిల్లవానిని బాగుచేయలేకపోయిరి. వారు లోకమునెదుట తమ యోటమిని దాచలేదు; సువార్తికుడు వ్రాసియే పెట్టెను. నేటి బోధకులలో నెందఱు తమ కూటములలో స్వస్థత పొందనివారి లెక్క చెప్పుదురు? మూర్ఛకు మాత్రలు మ్రింగుచున్నవాడు విశ్వాసహీనుడని నేర్పువారు, ముచ్చింతల ముసలివాని వారసులమని చెప్పుకొన దగరు. డెబ్బదిమంది శిష్యులు దయ్యములు మాకు లోబడుచున్నవని పొంగుచు వచ్చినపుడు, దానికై పొంగవలదని యేసు వారిని వారించెనని లూకా వ్రాసినాడు. యేసునామమును మంత్రమువలె వాడజూచిన స్కెవ కుమారు లేడుగురు దయ్యముచేత దెబ్బలుదిని బట్టలులేక పరుగెత్తిన కథను గూడ నాతడే వ్రాసినాడు.

మశూచి పోయినది. మైసమ్మ చెఱువుకట్టపై నట్లే యున్నది. 2014లో బోనాలు తెలంగాణరాష్ట్రపు పండుగ యయినది. జంతుబలిని నిషేధించు 1950 నాటి చట్టము పుస్తకములో నున్నది, దున్నపోతు తగ్గి మేకపోతు మిగిలినది. చందా దండువారు క్రైస్తవుల గడపకును వచ్చుచునే యున్నారు, కొందఱిత్తురు, కొందఱీయరు, ఇప్పుడు బావి కట్టడి లేదు, ఇంటింటికిని కొళాయి వచ్చినది.

డప్పు కథ మాత్రము వేఱొకమలుపు దిరిగినది. 1994లో ప్రకాశము జిల్లా యీదుముడిలో మాదిగ దండోర పుట్టినపుడు, ఒంగోలునాటి తాతలు దాస్యచిహ్నమని క్రిందబెట్టిన యా డప్పునే మనుమలు మెడకు దగిలించుకొని వీథులలో మ్రోయించిరి. వారిలో క్రైస్తవు లెందఱో యుండిరి. దేవత యందులోనుండి లేచివచ్చునని యిపు డెవ్వరును వెఱచుటలేదు. నల్లగొండ పల్లెలలో నేడు క్రిస్మసు రాత్రి యూరేగింపులకును డప్పు మ్రోగును. వాయించువారిలో పొలిగంప మోసినవారి మనుమలు నుందురు.